ఇల్లు లేవకముందే పోయేది బీడు: తిరుపతి లేఅవుట్ల చుట్టూ బతికే జంతువుల సంగతి

తిరుపతి చుట్టుపక్కల కొత్త లేఅవుట్ పడినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: "పక్కనే కొండ ఉంది కదా, జంతువులు అడవిలోకి పోతాయిలే." వినడానికి సబబుగానే ఉంటుంది. శేషాచలం కొండలు ఊరి నెత్తిమీదే ఉన్నాయి. 1989లో అక్కడ శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఏర్పడింది, 2010లో ఆ కొండల్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. కానీ చంద్రగిరి, రేణిగుంట, ఏర్పేడు, వడమాలపేట బీళ్లలో బతికే గుంటనక్కకూ కౌజుపిట్టకూ చెవులపిల్లికీ నక్షత్ర తాబేలుకూ ఆ కొండ ఇల్లు కాదు. వాటికి కావలసింది మోకాలెత్తు గడ్డి, మధ్యమధ్య రేగు, బలుసు, తంగేడు పొదలు, ఎండ తగిలే ఖాళీ నేల, నాలుగు చెదపుట్టలు, దగ్గరలో ఒక వంక, అంటే చిన్న వాగు. దట్టమైన చెట్ల కింద ఈ గడ్డి పెరగదు, నేలమీద గూడు పెట్టే పిట్టకు చోటు దొరకదు. పైగా కొండలో చోటు ఖాళీగా ఏమీ లేదు, అక్కడి జంతువులు అక్కడ ముందే ఉన్నాయి. బీడులోంచి తరిమిన జంతువు పోవడానికి మిగిలేది పక్క బీడు, దాని తర్వాత ఇంకో బీడు. అవీ ప్లాట్లయ్యాక లెక్క అక్కడితో సరి.

కలివికోడినే చూడండి. 1900 తర్వాత జాడ లేకుండా పోయి, అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986లో పక్కనే ఉన్న కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. అది ఉండేది పొదకూ పొదకూ మధ్య ఖాళీ ఉన్న నేలలో. పొదలు కమ్ముకుపోతే ఉండదు, మొత్తం చదును చేసినా ఉండదు. బీడు జంతువుల్లో చాలావాటికి ఇలా నడిమి స్థితిలో ఉన్న నేలే కావాలి. దాన్ని కాపాడడం చెట్ల అడవిని కాపాడడం కంటే కష్టం, ఎందుకంటే చూసేవాళ్లకు అక్కడ ఏమీ ఉన్నట్టు అనిపించదు.

కాగితాల మీదా అంతే. రెవెన్యూ రికార్డుల్లో ఇది బంజరు, మేత పోరంబోకు, గుట్ట పోరంబోకు. కేంద్రం అచ్చువేసే బంజరు భూముల అట్లాసులో పొదల నేలకు ప్రత్యేకంగా ఒక తరగతే ఉంది. అడవిలో ఎకరం తీసుకోవాలంటే అనుమతుల మీద అనుమతులు కావాలి, బీడుకు ఆ బాధ లేదు. మధుసూదన్, అబి వనక్ అనే శాస్త్రవేత్తలు దేశంలోని ఇలాంటి బహిరంగ నేలలకు పటం గీసి 2023లో ప్రచురించారు. ఆ నేలల్లో అభయారణ్యాల రక్షణ కింద ఉన్నది 5 శాతం కంటే తక్కువ. ఉన్న కాస్త రక్షణా గీత గీసి వదిలేస్తే సరిపోదని కర్నూలు వైపు రోళ్లపాడు చెబుతుంది. బట్టమేకపిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. చుట్టూ సాగునీరు వచ్చి నేల తీరు, పంటల తీరు మారేసరికి గీత లోపల కూడా ఆ పిట్ట కరువైంది.

ఇక లేఅవుట్ సంగతి.

మొదటి మూడు వారాలు

మన దగ్గర ఇల్లు కట్టడానికీ ప్లాటు వేయడానికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. అంకణాల (ఇక్కడి స్థలం కొలత) లెక్కన కొనేవాళ్లలో సగానికి సగం పిల్ల పెళ్లికో చదువుకో అక్కరకొస్తుందని కొనిపెట్టుకునేవాళ్లే. అందుకని హద్దురాళ్లు పాతిన పదేళ్లకు కూడా పది ఇళ్లు లేవని లేఅవుట్లు ఎన్నో. బీడుకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం మాత్రం మొదటి మూడు వారాల్లోనే జరిగిపోతుంది. ఇల్లు కట్టే మేస్త్రీని తప్పుపట్టి లాభం లేదు, చూడవలసింది జేసీబీ దిగిన రోజును.

వరస సాధారణంగా ఇలా ఉంటుంది. ఎండిన గడ్డికి నిప్పు పెడతారు. జేసీబీతో పొదలు వేళ్లతో సహా పీకి ఒక మూలకు నెడతారు. పుట్టలు చదును చేస్తారు. అడ్డొచ్చిన చిన్న వంకను పూడుస్తారు. గ్రావెల్ తోలి రోడ్లు వేసి, రాళ్లు పాతి, చుట్టూ సిమెంటు పలకల గోడ నిలబెడతారు.

నిప్పు పెట్టేది ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో. పరుగెత్తగలిగినవి పారిపోతాయి. తాబేలు పరుగెత్తలేదు, పొద మొదట్లో తల లోపలికి లాక్కుని కూర్చుంటుంది. గుంటనక్క పిల్లలు అప్పటికి బొరియలోనే ఉంటాయి. కౌజు, తీతువు, పూరేడు గూళ్లు మార్చి నుంచి ఆగస్టు దాకా నేలమీదే. ఆస్తికి మంచిదని వేసవిలో పని మొదలుపెడితే జంతువులకు అంతకంటే చెడ్డ కాలం లేదు. ఆ మంట కొండవాలు ఎక్కిందంటే అడవి శాఖకూ తలనొప్పే.

పుట్టల గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. చీమలు పెట్టిన పుట్టలు పాముల పాలని సామెత. నిజానికి కట్టేవి చెదలు. లోపలి గదుల్లో వేడి, తేమ పెద్దగా మారవు కాబట్టి వదిలేసిన పుట్ట ఉడుముకూ నాగుపాముకూ ముంగిసకూ అద్దె లేని ఇల్లు. వానలు పడ్డాక ఎగిరే ఉసిళ్లు కప్పల నుంచి పిట్టల దాకా అన్నిటికీ ఆహారం. నాగుల చవితికి పాలు పోసే ఒక్క పుట్టను గుడి కట్టి మిగిల్చి, మిగతా ఇరవైని ఒక్క పూటలో నేలమట్టం చేసిన లేఅవుట్లు ఈ చుట్టుపక్కల కనిపిస్తాయి. పాముకు కావలసింది మాత్రం ఆ ఇరవై.

గ్రావెల్ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. పది ఎకరాల లేఅవుట్‌లో రోడ్లకు మూడెకరాలు పోయాయనుకుందాం. అది సుమారు 12,000 చదరపు మీటర్లు. అరడుగు మందం, అంటే 15 సెంటీమీటర్లు పరిస్తే 1,800 ఘనపు మీటర్లు. టిప్పరుకు పది ఘనపు మీటర్లు పడితే 180 లోడ్లు. మిగిలిన ప్లాట్లలో ఆరెకరాలను ఒక అడుగు ఎత్తు లేపితే మరో 700 లోడ్ల పైమాటే. అదంతా ఎక్కడో ఒక గుట్టను తొలిచి తెచ్చిందే. ఒక బీడు ప్లాట్లు కావడానికి ఇంకో బీడులోని గుట్ట కరుగుతుంది, ఆ రెండో నష్టం ఏ ప్లానులోనూ కనిపించదు.

పలకల గోడ సంగతి ఇంకోటి. ఆరడుగుల గోడను పిల్లి దూకుతుంది, కోతి ఎక్కుతుంది. తాబేలు, చెవులపిల్లి, ముళ్లపంది ఆగిపోతాయి. తాబేలు గోడకు అడ్డం తిరిగి వెనక్కి పోదు, గోడ వెంటే నడుస్తూ పోతుంది. ఎండలో అలా నడిచి నడిచి ఏ కుక్కకో మనిషికో చిక్కుతుంది. అదృష్టం తెస్తుందని దొరికినదాన్ని ఇంటికి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

పోయేవి, పెరిగేవి

బీడు పోతే జంతువులన్నీ ఒకేలా పోవు. ఏం తినాలో, ఎక్కడ పిల్లలు పెట్టాలో పట్టింపు ఉన్నవి పోతాయి. ఏదైనా తిని ఎక్కడైనా బతికేవి పెరుగుతాయి. గుంటనక్క, పూరేడు, నక్షత్ర తాబేలు, చిన్నపింజర మొదటి రకం. ఎలుకలు, కోతులు, అడవిపందులు, నెమళ్లు, కాకులు, ఊరకుక్కలు రెండో రకం. నాలుగేళ్ల తర్వాత కాలనీవాళ్లు "ఇక్కడ జంతువులు ఎక్కువయ్యాయి" అంటారు. వాళ్లు చూస్తున్నది నిజమే. కాకపోతే పెరిగినవి వేరు, పోయినవి వేరు, పోయినవాటిని వాళ్లు అసలు చూడనే లేదు.

ఖాళీ ప్లాట్లను చూసి బీడు మళ్లీ వచ్చిందని కొందరు అనుకుంటారు. రాదు. పాత గడ్డి దుబ్బులకు ఏళ్ల వయసు ఉంటుంది. పై అరడుగు మట్టితో పాటు వాటి వేళ్లు, గింజలు గీక్కుపోయాయి. గ్రావెల్ మీద మొదటి వానకు మొలిచేది వయ్యారిభామ. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, పశువులు ముట్టవు. రెండో ఏటికి సర్కారు కంప పాతుకుంటుంది. ఆ కంపల్లో పారేసిన చెత్త, చెత్తలో ఎలుకలు. ఎలుకల కోసం నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు వస్తాయి. "పొదలు కొట్టించాం, పాములు పోతాయి" అనుకున్న లేఅవుట్‌లోనే విషప్పాములు తరచుగా కనబడడానికి కారణం ఇదే. అందులో విషం లేని జెర్రిపోతును పొడుగ్గా ఉందని ముందు చంపుతారు. ఎలుకలు ఇంకా పెరుగుతాయి.

ఇక కుక్కలు. కాలనీ పక్క వంకలో కోళ్ల దుకాణాల వ్యర్థాలు, కల్యాణ మండపాల ఎంగిలి విస్తళ్లు పడేసే అలవాటు తిరుపతి శివార్లలో కొత్త కాదు. ఆ తిండి ఎన్నిటికి సరిపోతే అన్ని కుక్కలు నిలబడతాయి. సంతాన నియంత్రణ ఆపరేషన్లు అవసరమే, కానీ తిండి కుప్ప అలాగే ఉంటే ఒక చోటి నుంచి తగ్గిన కుక్కల స్థానంలోకి ఇంకోచోటి నుంచి వస్తాయి. ఈ గుంపులు రాత్రిపూట బీడులోకి వెళ్లి చెవులపిల్లుల్ని, తాబేళ్లను, నేలమీది గుడ్లను వదలవు. మహారాష్ట్రలోని నన్నజ్ గడ్డిభూముల్లో చేసిన పరిశోధనలో కుక్కలు తిరిగే చోటును గుంటనక్కలు తప్పుకు తిరుగుతాయని తేలింది. కుక్క నక్కను కరవక్కర్లేదు, ఉంటే చాలు, నక్కకు మేత తగ్గుతుంది. డిస్టెంపర్, రేబిస్ జబ్బులు అంటించడం అదనం. రేబిస్ గొలుసు తెగాలంటే ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం.

కుక్కల వెనకే చిరుత. ఇక్కడ ఆవేశం తగ్గించుకుని చూడాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది, ఆ భయం ఊరికి ఇంకా పోలేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లలో, జూపార్కు రోడ్డులో చిరుత కనబడిందన్న వార్త వచ్చినప్పుడల్లా బోను పెట్టమంటారు. మహారాష్ట్రలోని అకోలె లోయలో చిరుతలు ఏం తింటున్నాయో పరీక్షిస్తే బరువు లెక్కన 39 శాతం కుక్కలే తేలాయి. కుక్కల గుంపు ఉన్న చోటుకు చిరుత రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. పట్టి దూరంగా వదిలితే? పుణె జిల్లా జున్నర్ దగ్గర అదే చేశారు. అంతకుముందు ఏడాదికి సగటున 4గా ఉన్న దాడులు ఆ తర్వాత 17కు పెరిగాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ. తెలియని చోట వదిలిన చిరుత గాభరాగా తిరుగుతుంది, ఖాళీ అయిన పాత చోటులోకి ఇంకో చిరుత దిగుతుంది. మనిషి మీద పడిన జంతువును పట్టక తప్పదు. కనబడినదాన్నల్లా పట్టడం మాత్రం పక్క ఊరికి ప్రమాదం పంపడమే. కోళ్ల వ్యర్థాలు వంకలో పడకుండా చూడడం బోను కంటే చవక, ఫలితమూ ఎక్కువ.

లేఅవుట్ వేసేవాళ్లు మార్చుకోగలిగినవి

ఇళ్లు వద్దని ఎవరూ అనలేరు. 2020 డిసెంబరులో పేదలకు స్థలాలు ఇచ్చినప్పుడు పట్టణాల్లో ఒక్కో కుటుంబానికి దక్కింది సెంటు, పల్లెల్లో సెంటున్నర. అంత జాగా కోసం ఎదురుచూసే ఊళ్లో బీడు బీడుగానే ఉండాలని వాదించడం అన్యాయం. పని చేసే కాలం, దిక్కు, వదిలే స్థలం ఆకారం మార్చుకోవడానికి మాత్రం పెద్దగా ఖర్చు లేదు.

కాలం: మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాన వెలిసిన డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు పొదలు కొట్టే పనికి అన్నిటికంటే నయమైన సమయం. ఎక్కువ గూళ్లు ఖాళీ అయి ఉంటాయి, గడ్డి పచ్చిగా ఉంటుంది కాబట్టి నిప్పు పెట్టే ఆలోచనా రాదు. నక్క బొరియలు మాత్రం అప్పుడు కూడా చూసుకోవాలి. బయట తాజా మట్టి, ఎముకలు, పిల్లల అడుగులు కనిపిస్తే ఆ చుట్టూ కొన్ని వారాలు ఆగడం మేలు.

దిక్కు: చాలామంది జేసీబీ ఆపరేటర్లు ముందు నాలుగు అంచులూ గీకి, లోపలికి వస్తారు. హద్దు తెలుస్తుందని. దాంతో నడిమి పొదల్లో జంతువులన్నీ ఇరుక్కుంటాయి, చివరి రోజు నాలుగు వైపులా చెదిరి పక్క ఇళ్లలో దూరతాయి. ఊరు లేదా రోడ్డు ఉన్న వైపు మొదలుపెట్టి, వంక లేదా మిగిలిన బీడు వైపుకు ఒకే దిక్కుగా పోవాలి. జేసీబీకి రెండు మూడు రోజుల ముందు కూలీలతో పొదల పై భాగం కొట్టిస్తే నీడ పోతుంది, చాలావరకు అవే తప్పుకుంటాయి.

తీతువు విషయంలో ఒక తిరకాసు ఉంది. దానికి చదును చేసి గ్రావెల్ పరిచిన నేల అంటే ఇష్టం. గూడంటూ ఉండదు, నాలుగు గులకరాళ్ల మధ్య సాధారణంగా నాలుగు మచ్చల గుడ్లు. పని ఆగిన లేఅవుట్‌లో పెడుతుంది, నెల తిరక్కుండానే టిప్పర్ వస్తుంది. పిట్ట తల మీద తిరుగుతూ అరుస్తుంటే దగ్గరలో గుడ్లున్నాయని అర్థం. చుట్టూ మూడు నాలుగు మీటర్ల దూరంలో సున్నం కొట్టిన రాళ్లు నాలుగు పెట్టి, డ్రైవర్లకు చెబితే చాలు. గూడు పక్కనే కర్ర పాతకూడదు, కాకి ఆ కర్ర మీద వాలి గుడ్లు చూస్తుంది. పొదగడానికి సుమారు 28 నుంచి 30 రోజులు. పిల్లలు పుట్టిన ఒకట్రెండు రోజులకే నడిచి వెళ్లిపోతాయి, ఆ తర్వాత రాళ్లు తీసేయొచ్చు.

స్థలం: 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తంలో 10 శాతం ఖాళీగా వదలాలి. పది ఎకరాలకు ఒక ఎకరం. అది ఎక్కడ వదలాలన్నదే అసలు ప్రశ్న. మామూలుగా అమ్ముడుపోని వంకర మూలలో వదిలి, కోనోకార్పస్ నాటి, రెండు సిమెంటు బల్లలు వేస్తారు. అదే ఎకరాన్ని వంక వెంట పొడుగ్గా వదిలితే? పది ఎకరాలు దాదాపు 200 మీటర్ల చదరం. ఒక వైపు పొడుగునా ఎకరం తీస్తే 20 మీటర్ల వెడల్పు వస్తుంది. వంకకు అవతలి ఒడ్డు లేఅవుట్ కూడా అలాగే చేస్తే 40 మీటర్లు, మధ్యలో వంక. ముంగిసకూ జంగుపిల్లికీ నక్కకూ రాత్రిపూట ఒక బీడు నుంచి ఇంకో బీడుకు పోవడానికి ఆ దారి సరిపోతుంది. రెండు లేఅవుట్ల మధ్య గోడ లేకపోతేనే సుమా. పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకు 9 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 2 మీటర్లు వదలాలని 2017 భవన నిబంధనల్లో ఉంది. ఆ మాత్రం వదలకుండా వంకలు పూడ్చిన చోట్ల 2021 నవంబరు వానలకు నీళ్లు ఎటు పోయాయో శివారు కాలనీలకు చెప్పక్కర్లేదు. వంక మనుషులకు కూడా అవసరమే.

ఆ పట్టీలో చెట్లు నాటాలన్న ఉత్సాహం ఆపుకోవాలి. ఉన్న గడ్డిని, రేగును, బలుసును ఉన్నట్టే వదిలేయాలి. సర్కారు కంప మొలకలు మాత్రం ఏటా పీకాలి. ఏడాదికి కొన్ని రోజులు గొర్రెల కాపరిని రానిస్తే గడ్డి ముదరదు. ఈ బీళ్లు ఇన్నాళ్లు బీళ్లుగా నిలిచింది మేత వల్లే.

లేఅవుట్ ప్రహరీ తప్పదంటే వంక వైపు గోడ అడుగున ప్రతి 15, 20 మీటర్లకు అడుగు వెడల్పు, అరడుగుకు కాస్త ఎక్కువ ఎత్తు ఉన్న కన్నం వదలాలి. సొంత ఇంటి గోడకు దీనికి సరిగ్గా వ్యతిరేకం. తలుపు కింద, మురుగు పైపు చివర, కిటికీ మూలల్లో 6 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు, పైపుకు జాలీ బిగించాలి. ఎలుక రాకపోతే పాముకు పని లేదు. వీధి దీపాలు తెల్లటివి కాకుండా పసుపు ఛాయవి, వెలుగు నేలకే పడేలా టోపీ ఉన్నవి పెట్టాలి. తెల్ల వెలుగుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు.

ఇప్పటికే కాపురం ఉంటున్నవాళ్లకు

ఇటుకలు, కట్టెలు నేలకు అడుగు ఎత్తున, గోడకు ఎడంగా పేర్చుకోండి. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర చాలావరకు కాపాడతాయి. కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా రుయా లాంటి పెద్దాసుపత్రికి పోవాలి. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే కాబట్టి పామును పట్టి తీసుకుపోవాల్సిన పని లేదు. పామును పట్టేవాళ్లను పిలిస్తే, దూరంగా కొండ మీదికి కాకుండా దగ్గరలోని వంకలోనే వదలమని చెప్పండి. తెలియని చోట వదిలిన పాము దాక్కునే చోటు వెతుక్కుంటూ తిరిగి తిరిగి చస్తుంది.

పక్కన ఖాళీ ప్లాటు ఉంటే యజమానిని అడిగి కాలనీయే చూసుకోవచ్చు. గడ్డిని నేల దాకా గీకించకుండా నాలుగంగుళాల మీదికి కోయించాలి. గీకిన చోటే వయ్యారిభామ ముందు మొలుస్తుంది. దాన్ని పూత రాకముందే, అంటే వాన పడిన నాలుగైదు వారాల్లోపు, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో పీకాలి. చేతులకు గ్లవ్స్, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, దురద, ఉబ్బసం తెస్తుంది. పూత వచ్చాక పీకితే కదిలించినప్పుడే గింజ రాలి వచ్చే ఏడు ఇంకా ఎక్కువ మొలుస్తుంది. అప్పుడు పీకిన మొక్కల్ని సంచిలో కట్టి తీసుకుపోవాలి, పక్క ప్లాటులోకి విసరకూడదు.